తలకట్టు లేని ల

మట్టెవాడల, గిన్నెల దుకాణం అరుగు మీద
నాది రెండడుగుల జాగ.
ఒక సుత్తె, ఆరు ఉలులు, లక్క ముద్ద,
మోకాలు కింద మడిచిన గోనెసంచి.
నేను చదివింది ఏడు.
కొట్టిన పేర్లకు లెక్క లేదు.

ఆ పొద్దు గుండిగను ఆటోల పండుకోబెట్టి తెచ్చిండ్రు
సారవ్వ, లతీఫ్‌బీ.
పెండ్లిండ్లకు వండుతరు, సామాన్లు కిరాయికిస్తరు.
"పర్కాలకు పోయింది పోయినట్టే ఉన్నది.
వాపసొచ్చింది మాది గాదు, దీని అడుగు సొట్ట.
పేర్లొద్దు బిడ్డా, పొడుగైతయ్.
ఇద్దరిది కలిపి ఒక్క గుర్తు కొట్టు,
ఎత్కపోయెటోనికి చెయ్యి వణకాలె."

రెండక్షరాలు కలుపుడు ఏం పని అనుకుంటరు.
మన రాతల కలుపుడే గండం.
స కింద ల పెడ్తే ఒత్తు,
ల కింద స పెడ్తే అదీ ఒత్తే.
పైనున్నది ప్రాణం ఇడుస్తది,
కిందున్నది రూపం ఇడుస్తది.
పక్కపక్కన పెడ్తనా,
'సల' అని చదివి సల్ల గుండిగ అంటరు.

ఒకదాంట్ల ఒకటి అల్లాలె, నులక తీరు.
పలక మీద సుద్దతోని గీసిన, అంగి చేతితోని తుడిచిన,
మళ్ల గీసిన.
ల కడుపుల నుంచి స తోకను తీస్తే
గీతలు మూడు తావుల దాటినయ్.

మా మేనమామ పెంబర్తిల ఇత్తడి రేకు కొట్టెటోడు.
"ఒకపారి మీదికెళ్లి పోయిన గీత
మళ్లొకపారి కిందికెళ్లి పోవాలె.
లేకుంటే అది అల్లిక గాదురా, తొక్కుడు"
అని సుత్తె మొనతోని నా ఏళ్ల మీద కొట్టి చెప్పిండు.
మూడంటే ఒకామె రెండుసార్లు మీద,
ఒకామె ఒక్కసారే.
నేనేం అనలే. చూడరనుకున్న.

లతీఫ్‌బీ ఏలు పెట్టి లెక్కపెట్టింది.
కట్టెలోని కాడ గూడ గట్లనే మోపులు లెక్కపెడ్తదట.
"మూడు ముళ్లేసినవు, మాకు పెండ్లి చేస్తున్నవా?"
అరుగు అదిరేటట్టు నవ్విండ్రు ఇద్దరు.
ల చివర ఇంకింత గుంజి
ఇంకొక్క తావుల దాటిచ్చిన.
నాలుగు. రెండు నీకు, రెండు నీకు.

గంతల తలకట్టు కొట్లాట.
"దాని నెత్తి మీద టిక్కున్నది, నా నెత్తి ఖాళీ?"
"నేను తీసింది గాదక్కా, ల పుట్టుడే గట్ల పుట్టింది."
"అయితే నాది గూడ తీసెయ్" అన్నది సారవ్వ.
తీసి చూసిన.
స, స లెక్క లేదు,
ఎవలో తెల్వని మనిషి లెక్కున్నది.
మళ్ల పెట్టిన.
లతీఫ్‌బీ జరసేపు చూసి
"ఉండనియ్, దానికి అందం" అన్నది.

గుండిగ మెడ మీద, అంచు కింద కొట్టిన,
పొయ్యి మసి అంత దూరం ఎక్కది.
కింది నుంచి పోయే గీతను ఎట్ల కోస్తరని అడుగుతరు.
కోసేది ఏం ఉండదు.
నూగింజంత ముందు ఉలి ఆపాలె,
అంత ఇత్తడిని ఇడిచిపెట్టి
అవతల మళ్ల అందుకోవాలె.
చెయ్యి ఆగకుంటే రెండు గీతలు గుద్దుకుంటయ్,
అగో, గదే ఆపుడు నేర్వనీకె నాకు ఆరేండ్లు పట్టింది.
పైసలు? అక్షరానికి ఇరువై తీసుకుంట.
ఇవి రెండా, ఒకటా అని
నలభైకి బేరం చేసి ముప్పై ఇచ్చిండ్రు.

మొన్న ములుగు దిక్కు ఏదో పెండ్లికి పోయి
గుండిగ వాపసొచ్చింది.
దారిల నా కాడ ఆగిండ్రు చూపియ్యనీకె.
గీతలల్ల పసుపు కూసున్నది,
చింతపండుతోని తోమినా పోలే.
ఉల్లిగడ్డలు కోసే పిల్లగాడు, ఆరో తరగతి,
మెడ కాడ మూతి పెట్టి కూడబలుక్కుంటున్నడు:
"స్ల... ల్స...
గిది ఏం పదమే, అవ్వా?"

"పదం గాదురా, గుండిగ" అన్నది లతీఫ్‌బీ,
"అటు దిక్కు పట్టు, దించుదాం."